దుంపలోకి ఏం నంజుకునేవాళ్ళు?

ఈ మధ్య ఐర్లాండ్‌లో, లిమరిక్ ఊళ్ళో మనవాళ్ళింట్లో ఒక పుట్టినరోజు భోజనానికి వెళ్ళాను. తెలుగు కుటుంబాలే ఓ పదిహేను దాకా ఉంటాయి. బిర్యానీ, గుత్తివంకాయ, పెరుగన్నం అన్నీ అయ్యి, అందరూ చేతులు కడుక్కుని కూర్చున్నాక ఒక మిత్రుడు అన్నాడు: "ఈ దేశంలో తిండి అనేది ఎప్పుడుందిలే! ఉర్లగడ్డ ఉడకేసుకుని ఉప్పద్దుకుని తిన్నారు, అంతే. మనకున్న వంటలెన్ని!" అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అలాగని అప్పటికప్పుడు బదులూ తోచలేదు. ఇంటికొచ్చేదాకా కారులో అదే ఆలోచన. ఆ మాటలో తప్పుందని తెలుస్తోంది కానీ ఎక్కడుందో చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలననిపించి రాస్తున్నాను.

నేనుండేది క్లేర్ కౌంటీలో ఒక చిన్న ఊరు. మా పక్కింట్లో తొంభై దాటిన పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. నన్ను "అస్తోర్" అని పిలుస్తుంది. ఐరిష్‌లో ఆ మాటకి నిధి అని అర్థం, మనం పిల్లల్ని "బంగారూ" అన్నట్టే. ఇక్కడి పద్ధతి ప్రకారం నేను పేరు పెట్టే పిలుస్తాను గానీ, మనసులో మాత్రం అవ్వ అనే అనుకుంటాను. ఇక్కడా అలాగే రాస్తాను.

మొదటిసారి ఆవిడ ఇంట్లో బంగాళాదుంపలు తిన్న రోజు బాగా గుర్తుంది. ఉడికిన నీళ్ళు వంచేసి, గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టి, మూత బదులు ఒక శుభ్రమైన గుడ్డ కప్పింది. రెండు నిమిషాలయ్యాక గుడ్డ తీసి "చూడు, నవ్వుతున్నాయి" అంది. తొక్క పగిలి, లోపల తెల్లటి పిండి పువ్వులా విచ్చుకుని ఉంది. నేను కత్తి కోసం చూస్తుంటే, ఆవిడ వేడి దుంపని ఎడమచేతిలో ఆడిస్తూ బొటనవేలి గోటితో చకచకా తొక్క లాగేసింది. వాళ్ళ నాయనమ్మ కాలంలో ఆ గోరు పనిగట్టుకుని పెంచుకునేవాళ్ళట. నేను చెయ్యి కాల్చుకున్నాను. తర్వాత ఉప్పు, వెన్న, ఒక గ్లాసు మజ్జిగ. ఇంకేమీ లేవు. నేను తిన్న మంచి భోజనాల్లో అదొకటి.

అయితే దీన్నిబట్టి నా మిత్రుడికి "దుంపలు రుచిగా ఉంటాయి తెలుసా" అని బదులిస్తే సరిపోదు. వెన్న ఉంది కాబట్టి నాకు రుచిగా ఉంది. పాతకాలంలో ఆ వెన్న వాళ్ళ నోటికి వచ్చేదా అన్నది అసలు ప్రశ్న. ముందు వేరే సంగతి చెప్పి దానికొస్తాను.

నోటుపుస్తకాల్లో పిల్లలు రాసింది

1937 నుంచి 1939 దాకా ఐర్లాండ్‌లో ఒక గొప్ప పని జరిగింది. జానపద కమిషన్ వాళ్ళు ప్రాథమిక బడుల్లో పై తరగతుల పిల్లలకి నోటుపుస్తకాలిచ్చి, మీ ఇళ్ళల్లో, ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి పాత సంగతులు రాసుకురండి అన్నారు. 26 కౌంటీల్లో సుమారు 5,000 బడులు, 50,000 మందికి పైగా పిల్లలు. అడిగిన విషయాల్లో పాతకాలపు తిండి ఒకటి. ఆ చేతిరాతలు ఇప్పుడు నెట్‌లో అందరికీ దొరుకుతాయి. రాత్రిళ్ళు పడుకునే ముందు నాలుగు పేజీలు చదవడం నాకు అలవాటైపోయింది.

వరసగా చదువుతుంటే మొదట మా మిత్రుడే రైటేమో అనిపిస్తుంది. ఏ కౌంటీ చూసినా అదే కథ. మూడు పూటలు తినేవాళ్ళు. లేవగానే తినరు, రెండు మూడు గంటలు పొలం పని చేసొచ్చాక తింటారు. పొద్దున దుంపలో, ఓట్స్ జావో. మధ్యాహ్నం దుంపలు, మజ్జిగ. రాత్రి మళ్ళీ జావో, దుంపలో. మాంసం పండక్కి.

కానీ పిల్లలు దుంపల గురించి ఒక్క ముక్కలో చెప్పేసి, మిగతా పేజీ అంతా వేరే సంగతులు రాస్తారు. తినేటప్పుడు బల్ల ఎక్కడ వేసేవాళ్ళు. నేల మధ్యలో వేసేవాళ్ళా, గోడకి మడతపెట్టి పనైపోగానే పైకెత్తేసేవాళ్ళా. మజ్జిగ తాగే చెక్క లోటాలు, నాగిన్‌లు అంటారు, వాటిని ఎవరు చేసేవాళ్ళు. ఏ పండక్కి ఏది తప్పకుండా తినాలి, ఏ రోజు ఏది ముట్టకూడదు. అడిగింది తిండి గురించి, రాసుకొచ్చింది పద్ధతి గురించి. పన్నెండేళ్ళ పిల్లలు కొట్టిపారేయలేని విషయాన్ని మనం నలుగురిలో ఒక్క జోకుతో కొట్టిపారేశాం.

నా అభిప్రాయం ఇదీ: ఏడాది పొడుగునా ఒకే పదార్థం తినాల్సి వచ్చిన మనుషుల తిండిని వంటల లెక్కతో కొలిస్తే ఏమీ కనపడదు. వాళ్ళు దానిలోకి ఏం నంజుకున్నారు, ఎవరితో పంచుకున్నారు, ఎవరిని వదిలేసి తినకూడదనుకున్నారు అని అడిగితేనే అది కనపడుతుంది. అలా అడిగితే ఐర్లాండ్ పల్లెల తిండి మన తిండికి ఏమాత్రం తీసిపోదు.

"లోకి" అనే మాట

మాది అనంతపురం వైపు. చిన్నప్పుడు మా ఇంట్లో రాగి సంగటి అన్నానికంటే ఎక్కువ. బడినుంచి రాగానే "సంగటిలోకి ఏముంది?" అని అడిగేవాళ్ళం. చెనిక్కాయల ఊరిబిండో, ఎర్రకారమో, బాగా గడిచిన రోజైతే కోడికూరో. సంగటి ఉందా అని ఎవరూ అడగరు, అది ఉంటుంది. అడిగేదల్లా దానిలోకి ఏమిటని.

ఐరిష్‌లో "అన్‌లన్" అని ఒక మాటుంది. దుంపలోకి, రొట్టెలోకి నంజుకునేది ఏదైనా అన్‌లనే. ఇక్కడి పల్లెల ఇంగ్లీషులో దాన్నే "కిచెన్" అనేవాళ్ళు. ఆ కిచెన్‌కీ వంటింటికీ సంబంధం లేదు, "ఇవాళ దుంపల్లోకి కిచెన్ ఏముంది?" అని. అవ్వ నోట ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. అచ్చంగా మా వంటింటి గడపలో నిలబడి అడిగిన ప్రశ్న. "ఆకలే మంచి అన్‌లన్" అని వాళ్ళకో సామెత కూడా ఉంది. ఆకలి రుచెరగదని మనం అన్నదే, ఇంకాస్త దగ్గరగా చెప్పారు.

మరి ఏం నంజుకునేవాళ్ళు? ఇంట్లో ఆవు ఉంటే మజ్జిగ. సముద్రం దగ్గరైతే ఉప్పు చేప, ఎక్కువగా హెరింగ్, ఒక చేపని ఇంటిల్లిపాదీ పంచుకోవడం. రాళ్ళమీద పెరిగే డిలిస్క్ అనే ఎర్ర సముద్రపు నాచు. రాళ్ళకి అతుక్కునే నత్తలు. ఏమీ లేకపోతే ఉప్పునీళ్ళు, మధ్యలో ఒక గిన్నెలో పెట్టుకుని అందరూ అందులోనే దుంప ముంచుకోవడం. పందిమాంసం ముక్క పైన వేలాడుతుంటే దుంపని దానివైపు చూపించి తినేవాళ్ళని ఒక పాత పరిహాసం ఉంది. నిజంగా ఎవరైనా అలా తిన్నారో లేదో గానీ, ఆ హాస్యం పుట్టింది నంజుకోవడానికి ఏమీ లేని ఇంట్లోనే. దాన్ని ఎవరు చెబుతున్నారన్నదాన్ని బట్టి నవ్వాలో వద్దో ఉంటుంది.

తినే తీరు కూడా చెప్పాలి. మూడు కాళ్ళ ఇనప కుండలో, బురద నేలల్లో తవ్వి ఎండబెట్టిన పీట్ గడ్డల మంట మీద దుంపలు ఉడికేవి. వాటిని స్కిబ్ అనే వెడల్పాటి అల్లిక బుట్టలో కుమ్మరిస్తే నీళ్ళు కారిపోయేవి. ఆ బుట్టనే కుండ మీద పెట్టి, చుట్టూ చిన్న పీటలేసుకుని ఇంటిల్లిపాదీ కూర్చునేవాళ్ళు. కంచాల్లేవు, బుట్టే కంచం. కొంతమంది దుంపని పూర్తిగా ఉడకనిచ్చేవాళ్ళు కాదు, నడిమధ్య కాస్త గట్టిగా ఉంచేవాళ్ళు. దాన్ని "ఎముక" అనేవాళ్ళు. ఎముక ఉన్న దుంప త్వరగా అరగదు, మధ్యాహ్నందాకా కడుపులో ఆనుతుంది. సంగటి తిన్నవాళ్ళకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

ఇది పస్తుల తిండి అనుకుంటే పొరపాటు. 1845లో మొదలైన పెద్ద కరువుకి ముందు కూలి చేసే మగమనిషి రోజుకి 5, 6 కిలోల దుంపలు తినేవాడు. దుంపా మజ్జిగా కలిస్తే ఒంటికి కావలసినవి దాదాపు అన్నీ అందుతాయి. 1800 తర్వాతి సంవత్సరాల్లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరిన కుర్రాళ్ళ ఎత్తులు కంపెనీ పుస్తకాల్లో ఉన్నాయి. చరిత్రకారులు వాటిని లెక్కవేసి చూస్తే ఐరిష్ కుర్రాళ్ళే ఇంగ్లీషువాళ్ళకంటే కాస్త పొడుగు. మన దేశానికి తుపాకీ పట్టుకుని వచ్చిన ఆ పొడుగు మనుషుల్లో చాలామంది ఈ దుంప, మజ్జిగలతో పెరిగినవాళ్ళే.

ఇంకొకటి. దుంప ఇక్కడికి వచ్చింది 16వ శతాబ్దం చివర్లో. అంతకుముందు వందల ఏళ్ళు వీళ్ళది పాల తిండి. పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, జున్ను, వీటన్నిటినీ కలిపి "బాన్‌వియా" అంటే తెల్ల తిండి అనేవాళ్ళు. తోడుకున్న చిక్కటి పుల్ల పాలంటే ప్రాణం. వెన్నని చెక్క తొట్లలో పెట్టి బురద నేలల్లో పాతిపెట్టేవాళ్ళు, వేల ఏళ్ళనాటివి కూడా పీట్ తవ్వకాల్లో ఇప్పటికీ బయటపడుతుంటాయి. "వీళ్ళకి పెరుగు తెలియదు" అని మనవాళ్ళు అనడం విన్నప్పుడల్లా నాకు ఆ తొట్లు గుర్తొస్తాయి.

వెన్న ఎక్కడికి పోయింది

18, 19 శతాబ్దాల్లో ఆ వెన్న అమ్మకానికి పోయింది. కార్క్ వెన్న మార్కెట్ 1770లో మొదలై, తర్వాతి శతాబ్దంలో ప్రపంచంలోనే పెద్దదైంది. ఇంట్లో చిలికిన వెన్న తొట్లకెక్కి ఓడలెక్కేది, చిలికినవాళ్ళకి మజ్జిగ మిగిలేది. పందిని పెంచేది తినడానికి కాదు, అది కౌలు కట్టేది. గుడ్లు అమ్మి టీ, చక్కెర కొనేవాళ్ళు. మా ఊళ్ళో పాలన్నీ డెయిరీకి పోసి, పిల్లలకి నీళ్ళమజ్జిగ కలిపిన ఇళ్ళు నేను చూశాను. కాబట్టి "మజ్జిగే వాళ్ళ తిండి" అన్న మాట సగమే. మజ్జిగ వాళ్ళకి మిగిలిన తిండి. ఎన్నుకున్నది కాదు.

ఈ తేడా నాకు చాలా ముఖ్యం. ఎందుకంటే ఇలాంటి వ్యాసాల్లో పేదరికాన్ని అందంగా చూపించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఐర్లాండ్ పాత తిండి గురించి ఇక్కడి టూరిస్టు పుస్తకాల్లో రాసే "సహజమైన, సాదాసీదా" లాంటి మాటలు నాకు నచ్చవు. ప్రతి జూలైలో పాత దుంపలు అయిపోయి కొత్తవి ఇంకా తవ్వకముందు వారాల తరబడి క్యాబేజీ ఆకులతో గడిపినవాళ్ళు ఆ నెలకి "క్యాబేజీ జూలై" అని పేరు పెట్టుకున్నారు. అందులో సాదాసీదాతనం ఏముంది, ఆకలే ఉంది.

కొండవాలుల్లో దుంపలు వేసిన పాత మళ్ళ గీతలు ఇప్పటికీ కనపడతాయి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే గడ్డికింద పక్కటెముకల్లా తేలతాయి. రాతినేల మీద సముద్రపు నాచుని వీపున మోసుకొచ్చి పరిచి, పారతో మట్టి ఎత్తి, ఒక్కో వరస కట్టారు. వీటికి ఇంగ్లీషులో ఉన్న పేరు "సోమరి మళ్ళు". నాగలి కట్టలేని చోట చేత్తో చేసిన పనికి బయటివాళ్ళు పెట్టిన పేరది. మా మిత్రుడి మాటలోనూ అదే చూపుంది, ఆయనకి తెలియకుండానే.

తలుపు

పాత ఐరిష్ చట్టాలు 7, 8 శతాబ్దాలనాటివి. వాటిలో ఇంటికొచ్చినవాడికి అన్నం పెట్టకుండా పంపేయడం నేరం, పరిహారం కట్టాలి. బ్రియుగు అని ఒక హోదా ఉండేది. అడిగినవాడికి లేదనకుండా పెట్టే సంపన్న గృహస్థు. ఎంత ఆస్తి ఉన్నా, పెట్టడం మానేస్తే ఆ హోదా పోయేది.

రాజుల కాలం పోయింది, చట్టాలు పోయాయి, పద్ధతి మాత్రం పేద ఇళ్ళల్లో మిగిలింది. 1833లో ప్రభుత్వం ఐర్లాండ్ పేదల స్థితిగతుల మీద ఒక విచారణ కమిషన్ వేసింది. ఊరూరా సాక్ష్యాలు తీసుకుంటే తేలిందేమిటంటే, బిచ్చగాళ్ళకి ఎక్కువగా పెట్టేది చిన్న రైతులు, కూలివాళ్ళు. గుప్పెడు దుంపలు సంచిలో వేసేవాళ్ళు. రాత్రయితే నిప్పు పక్కన గడ్డి పరిచి పడుకోనిచ్చేవాళ్ళు. దుంపలు పండినంతకాలం ఇద్దరు ఎక్కువొచ్చినా బుట్టలో సరిపోయేవి.

1845లో దుంపలకి తెగులొచ్చింది. ఆ చరిత్ర చదివినవాళ్ళకి కొత్తగా చెప్పేదేమీ లేదు. 1841లో సుమారు 82 లక్షలున్న జనాభా పదేళ్ళలో 65 లక్షలకి పడిపోయింది. దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది ఓడలెక్కారు. అన్ని ఏళ్ళూ ఓట్స్, వెన్న, పశువులు బయటికి పోతూనే ఉన్నాయి. నేను ఆగేది తలుపు దగ్గర. ఆకలితోపాటు విషజ్వరాలొచ్చాయి. తలుపు తట్టినవాడు జ్వరం మోసుకొస్తాడన్న భయంతో, అంతవరకూ ఎన్నడూ మూయని తలుపులు మూసుకున్నారు. తర్వాతి తరాలు చెప్పుకున్న కరువు కథల్లో ఒక రకం కథ ఊరూరా ఉంది. ఇంట్లో మిగిలిన కాస్త పిండినో పాలనో ఒక ఇల్లాలు వచ్చినవాళ్ళకి పెట్టేస్తుంది, భర్త కోప్పడతాడు, మూత తీసి చూస్తే కుండ నిండుగా ఉంటుంది. ఇలాంటి కథలు ఎందుకు అంతగా పుట్టాయి? పెట్టలేకపోయిన ఇళ్ళు ఎక్కువ కాబట్టి అని నాకనిపిస్తుంది. తినలేకపోయినందుకంటే పెట్టలేకపోయినందుకు ఎక్కువ కుమిలిన జాతి ఇది.

1847 వేసవిలో ప్రభుత్వం సూప్ కేంద్రాలు నడిపింది. జూలైలో రోజుకి 30 లక్షల మంది అక్కడ తిన్నారు. కొన్ని నెలలకే వాటిని మూసేశారు. మతం మారితేనే సూప్ పోస్తామన్న చోట్లు కూడా కొన్ని ఉండేవి. ఎవరినైనా "వాళ్ళు సూప్ తాగారు" అనడం ఇక్కడ ఇప్పటికీ తిట్టే. మా జేజి 1952 కరువులో గంజి కేంద్రం ముందు నిలబడిన మనిషి. ఆ సంగతి బతికుండగా ఒక్కసారే చెప్పింది. గిన్నె కొంగు కింద దాచుకుని వెళ్ళేదట, ఎదురుపడిన వాళ్ళూ అలాగే దాచుకునేవాళ్ళట, ఎవరూ ఎవరినీ పలకరించేవాళ్ళు కాదట. గంజి ఎలా ఉండేదని అడిగితే మాట మార్చేసింది. సూప్ గురించి అవ్వ మాట్లాడినప్పుడు ఆ మాట మార్చడమే మళ్ళీ చూశాను, ఆవిడ పుట్టింది కరువు పోయి ఎనభై ఏళ్ళు దాటాకే అయినా.

కరువు రోజుల్లో లండన్ ఖజానాలో కూర్చుని ఐర్లాండ్ సహాయం లెక్కలు చూసిన అధికారి చార్లెస్ ట్రెవెల్యాన్. ఈ కరువుని దేవుడు పంపిన పాఠంగా చూసిన మనిషి. ఆయనే 1859లో మద్రాసుకి గవర్నరుగా వచ్చాడు. అంటే మా అనంతపురం వైపు పల్లెలు కూడా ఏడాదిపాటు ఆయన చేతికిందే ఉన్నాయి. ఈ సంగతి తెలిశాక వీళ్ళ దుంపల గురించి నవ్వడం నాకు ఇంకా కష్టమైంది.

నా అనుమానాలు

ఇంతా రాశాక నాకే అడ్డం తగిలే విషయాలు ఉన్నాయి, దాచను.

మొదటిది ఆడవాళ్ళు. బుట్ట చుట్టూ అందరూ కూర్చునేవాళ్ళని రాశాను కదా. అవ్వని అడిగితే "మా అమ్మ కూర్చోలేదు" అంది. అందరికీ వడ్డించి, చివరికి మిగిలింది నిప్పు దగ్గర నిలబడే తినేదట. నూర్పిళ్ళకి ఇరుగుపొరుగు పది పదిహేను మంది చేరితే వాళ్ళందరికీ వండేది ఆవిడే, భోజనంలో ఏ కొంచెం లోటొచ్చినా ఊరంతా చెప్పుకునేది ఆవిడ గురించే. జనవరి 6న "నొల్లిగ్ న మన్" అని ఆడవాళ్ళ క్రిస్మస్. ఆ ఒక్కరోజు మగవాళ్ళు ఇంటి పని చూసుకోవాలి, ఆడవాళ్ళు కలిసి టీ, ఎండుద్రాక్ష కేకు తింటారు. "అమ్మ కుర్చీలో కూర్చుని కప్పు రెండు చేతులతో పట్టుకోవడం ఆ రోజే చూసేదాన్ని" అంది అవ్వ. పద్ధతి గొప్పదని నేను అంటున్నప్పుడు ఆ పద్ధతిని మోసింది ఎవరో కూడా చెప్పాలి. మన అన్నపూర్ణలందరి కథా ఇదే కదా.

రెండోది భయం. మే నెల మొదటి రోజున ఇంట్లోంచి పాలు, వెన్న, ఉప్పు, నిప్పు ఏదీ బయటికి ఇవ్వరు. ఇస్తే ఏడాది వెన్న అదృష్టం వాటితోపాటు పోతుందని. పైపు వెలిగించుకోవడానికి నిప్పు అడిగినా అవ్వ వాళ్ళ నాన్న ఆ రోజు ఇచ్చేవాడు కాదట. ఆ పూట పక్కవాళ్ళ గడ్డి మీది మంచు ఊడ్చి వాళ్ళ వెన్న అదృష్టం పట్టుకుపోవడానికి వచ్చిందని ఏ ముసలామె మీదైనా అనుమానం పడితే, ఆ మాట ఆవిడని జీవితాంతం వదిలేది కాదు. వెన్న చిలుకుతున్నప్పుడు ఎవరైనా ఇంట్లోకొస్తే "దేవుడి దీవెన ఈ పనికి" అని కవ్వానికి ఓ చెయ్యి వేసి తీరాలి, లేకపోతే వెన్న పట్టుకుపోయినట్టే. నేను దీన్ని మొదట ఇచ్చిపుచ్చుకోవడం అనుకున్నాను. అందులో దిష్టి భయం కూడా అంతే ఉంది. మన దగ్గర పాలు మూత పెట్టకుండా వీధి దాటించనివాళ్ళకి ఇది కొత్తేమీ కాదు.

మూడోది, పాత చట్టాల్ని నేను మరీ మెచ్చుకుంటున్నానేమో. అవే చట్టాల్లో పెంపకానికి ఇచ్చిన పిల్లలకి ఏ జావ పెట్టాలో కూడా ఉంది. మామూలు ఇంటి పిల్లాడికి నీళ్ళతోనో మజ్జిగతోనో కాచిన జావ, పాత వెన్న. దొరల పిల్లాడికి తాజా పాలు, తాజా వెన్న. రాజు కొడుక్కి గోధుమపిండి, తేనె. పంక్తిభేదాన్ని చట్టంగా రాసుకున్నారు. అది చదివిన రోజు నాకు చాలా బాధేసింది, చిన్నపిల్లల గిన్నెలో కూడా అంతస్తు చూశారని.

అయినా నా మాట వెనక్కి తీసుకోను. ఈ మూడు అనుమానాలూ మన వంటింటికీ అలాగే వర్తిస్తాయి. మనం వాటిని తెలిసీ మన తిండిని సంస్కృతి అంటాం. వాళ్ళ దగ్గరికొచ్చేసరికి "ఉర్లగడ్డ" అంటాం. ఆ కొలత ఒకటే అవ్వాలి.

డిసెంబరు 31 రాత్రి పేరు ఐరిష్‌లో "పెద్ద వాటా రాత్రి". ఆ రాత్రి ఇంట్లో ఉన్నదంతా వండి కడుపునిండా తినాలి, కొత్త ఏడాది ఆకలి రాకుండా. కొన్నిచోట్ల పెద్ద రొట్టెని మూడుసార్లు కొరికి తలుపుకేసి కొట్టేవాళ్ళు. ఆకలి ఇక్కడ్నుంచి టర్కీవాళ్ళ దేశానికి పొమ్మని. నవంబరులో ఆత్మల రాత్రి నిప్పు ఆర్పకుండా, బల్ల మీద తిండి పెట్టి, తలుపు గడియ వేయకుండా పడుకునేవాళ్ళు, చనిపోయినవాళ్ళు ఇంటికొస్తారని. పెద్దలకి పెట్టుకోవడం అంటే ఏమిటో తెలిసిన మనం దీన్ని చదివి పరాయిదనుకోలేం.

అవ్వ దగ్గర నేర్చుకున్నవాటిలో నన్ను వదలనిది "ఫేర్ గోర్తఖ్", ఆకలి గడ్డి. కొండల్లో కొన్ని చోట్ల గడ్డి మీద కాలు పడితే ఉన్నట్టుండి ప్రాణం పోయేంత ఆకలి పట్టుకుంటుందట. కరువులో మనిషి పడిపోయిన చోటని కొందరంటారు. ఎవరో బయట కూర్చుని తిని, ఒక్క ముక్క కూడా నేలకి వదలకుండా లేచిపోయిన చోటని ఇంకొందరు. విరుగుడు ఒకటే. జేబులో ఓట్స్ రొట్టె ముక్క ఉండాలి.

గత నెల బర్రెన్ కొండల వైపు నడవడానికి వెళ్తుంటే గుమ్మంలోంచి ఆవిడ పిలిచింది. "అస్తోర్, జేబులో ఏమైనా ఉందా?" లేదన్నాను. లోపలికెళ్ళి కాగితంలో చుట్టిన రెండు ఓట్స్ బిస్కట్లు తెచ్చి నా కోటు జేబులో తనే పెట్టింది. పైన రాళ్ళ మధ్య గాలికి వీపు పెట్టి కూర్చుని ఒకటిన్నర తిన్నాను. మిగిలిన సగం చేత్తో నలిపి గడ్డి మీద చల్లి, దిగి వచ్చేశాను.